వృద్ధులలో కండర ఫ్లాప్‌లతో పునర్నిర్మాణ మైక్రోసర్జరీ

శరీరంలో ఒకచోటి కండరాన్ని దాని ధమనితో, సిరతో సహా వేరుచేసి, ప్రమాదం వల్లనో క్యాన్సర్ వల్లనో ఇన్ఫెక్షన్ వల్లనో ఖాళీ పడ్డ మరోచోట అమర్చి, అక్కడి రక్తనాళాలకు మైక్రోస్కోపు కింద కుట్టి మళ్లీ రక్తం పారేలా చేయడాన్ని ఫ్రీ కండర ఫ్లాప్ శస్త్రచికిత్స అంటారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న నాళాలను వెంట్రుక కన్నా సన్నని దారంతో కలపాలి కనుక ఇది పునర్నిర్మాణ మైక్రోసర్జరీ కిందికి వస్తుంది. రోగి డెబ్బై, ఎనభై ఏళ్ల మనిషై, షుగరు, బీపీ, గుండెజబ్బు, పొగ పీల్చి పాడైన ఊపిరితిత్తులు తోడైతే లెక్కలన్నీ మారిపోతాయి. అతికించిన కండ వృద్ధులలోనూ దాదాపు యువకులలో బతికినట్టే బతుకుతుంది. ఎనిమిది, పది గంటల ఆపరేషన్ భారాన్ని ఆ మనిషి గుండె, ఊపిరితిత్తులు, మెదడు తట్టుకుంటాయా అన్నదే అసలు సమస్య. గత యాభై ఏళ్లలో ఈ రంగం నేర్చుకున్నదంతా ఆ భారాన్ని ఎలా తగ్గించాలన్న దాని చుట్టూనే తిరుగుతోంది.

నేపథ్యం

రక్తనాళాలను కుట్టే పద్ధతిని ఫ్రెంచి సర్జన్ అలెక్సిస్ కారెల్ 1902లో ప్రకటించాడు. దానికే 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అవి పెద్ద నాళాలు. 1960లో అమెరికాలోని వెర్మాంట్‌లో జూలియస్ జాకబ్సన్, ఎర్నెస్టో సువారెజ్ ఆపరేషన్ మైక్రోస్కోపు సాయంతో చిన్న నాళాలను కలపవచ్చని చూపాక దారి తెరుచుకుంది. 1965లో జపాన్ సర్జన్లు కొమత్సు, తమాయ్ పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని తిరిగి అతికించారు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మెక్‌లీన్, హ్యారీ బంకీ కడుపులోని కొవ్వుపొరను తీసి ఒక రోగి తలపైన పెద్ద లోటును కప్పారు. 1973లో మెల్‌బోర్న్‌లో టేలర్, డేనియల్ గజ్జ దగ్గరి చర్మాన్ని ఫ్రీ ఫ్లాప్‌గా కాలికి మార్చారు. అదే ఏడాది షాంఘైలో ఛాతీ కండరాన్ని ముంజేతికి మార్చి వేళ్లు ముడుచుకునే శక్తి తెప్పించారు. 1976లో హారీ బృందం తొడలోని గ్రాసిలిస్ కండరంతో పక్షవాతం వచ్చిన ముఖానికి కదలిక తెప్పించిన వైనాన్ని ప్రచురించింది.

ఏ కండరానికి రక్తం ఎటునుంచి వస్తుంది, ఏ ధమనిని నమ్ముకుంటే కండరమంతా బతుకుతుంది అన్నదాన్ని 1981లో స్టీఫెన్ మాథెస్, ఫోద్ నహాయ్ ఐదు రకాలుగా వర్గీకరించారు. ఈనాటికీ ప్లాస్టిక్ సర్జరీ విద్యార్థి మొదట నేర్చుకునేది ఆ వర్గీకరణనే. స్లొవేనియాకు చెందిన మార్కో గోడినా 532 మంది రోగుల అనుభవం 1986లో వెలువడింది. నలిగిన కాలిని 72 గంటల్లోపు శుభ్రం చేసి ఫ్రీ ఫ్లాప్‌తో కప్పితే ఫ్లాప్ పోయినవి 0.75 శాతమే. ఆ గడువు దాటి మూడు నెలల్లోపు చేసినవాటిలో 12 శాతం పోయాయి. వృద్ధుల విషయంలో ఈ పాఠానికి ఒక చిక్కు ఉంది. గాయానికి తొందర అవసరం, గుండెకు సన్నద్ధత అవసరం. రెండింటి మధ్య నలిగేది రోగే.

తొలినాళ్లలో అరవై దాటినవారిని ఈ ఆపరేషన్లకు దాదాపు తీసుకునేవారు కాదు. అమెరికాలో జోసెఫ్ సెర్లెట్టి బృందం 65 ఏళ్లు దాటిన 100 మంది ఫలితాలను 2000లో ప్రచురించింది. వయసు అంకె దానంతటది ఫలితాన్ని శాసించలేదు. అమెరికన్ మత్తు వైద్యుల సంఘం రోగి ఆరోగ్యానికిచ్చే ఏఎస్ఏ తరగతి పెరిగేకొద్దీ గుండె, ఊపిరితిత్తుల సమస్యలు పెరిగాయి. ఆపరేషన్ గంటలు పెరిగేకొద్దీ శస్త్రచికిత్సకు సంబంధించిన సమస్యలు పెరిగాయి. 2005లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం డెబ్బై, ఎనభై పడిలో ఉన్న 197 మంది అనుభవాన్ని ప్రకటించింది. ఆ వయసులోనూ ఫ్లాప్‌లు నిలబడతాయని అది ధైర్యం చెప్పింది. ఆ తరువాత వయసును కారణంగా చూపి తిప్పి పంపడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేకుండా పోయింది.

కండరమే ఎందుకు

ఫ్రీ ఫ్లాప్ అంటే కండరమే కానక్కర్లేదు. తొడ పక్కనుంచి, ముంజేతి నుంచి చర్మాన్ని, దాని కింది కొవ్వును తీసే పద్ధతులు నేడు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. చైనా సర్జన్లు 1984లో వర్ణించిన తొడ ముందు పక్కభాగపు ఫ్లాప్, 1989లో జపాన్‌లో కోషిమా మొదలుపెట్టిన పెర్ఫొరేటర్ (కండరంలోంచి చర్మానికి వచ్చే సన్నని నాళం) ఫ్లాప్‌లు కండరాన్ని చాలాచోట్ల పక్కకు నెట్టాయి. ఇన్ఫెక్షన్‌ను కండరమే బాగా అణుస్తుందన్న పాత నమ్మకం చాలావరకు 1980ల నాటి జంతు ప్రయోగాల మీద నిలబడింది. కుళ్లిన ఎముకను, చచ్చిన కణజాలాన్ని పూర్తిగా తీసేస్తే చర్మపు ఫ్లాప్‌లు కూడా దాదాపు అంతే బాగా పనిచేస్తాయని మనుషుల మీద చేసిన పోలికలు చెబుతున్నాయి.

అయినా వృద్ధులలో కండరానికి దానిదైన చోటు ఉంది. మెత్తగా ఉండి ఎగుడుదిగుడు గుంతల్లోకి ఒదిగిపోతుంది. ఎముక చీము తీసేశాక మిగిలే బోలును నింపడానికి దీనికి సాటి లేదు. దాని ధమని దాదాపు ప్రతి మనిషిలో ఒకేచోట దొరుకుతుంది. సన్నని పెర్ఫొరేటర్లను వెతుకుతూ గంటలు గడపనక్కర్లేదు. అనుభవం ఉన్న చేతిలో గ్రాసిలిస్ గంటలోపే బయటికి వస్తుంది. కొవ్వు పట్టిన తొడ నుంచి తీసిన ఫ్లాప్ మడమ మీద ఉబ్బెత్తుగా ఉండి చెప్పు పట్టనివ్వదు. నరం తెగిన కండరం నెలల్లో సన్నబడి చుట్టుపక్కల మట్టానికి దిగుతుంది, రెండోసారి కోసి సన్నం చేసే పని తప్పుతుంది. మళ్లీ మళ్లీ మత్తు ఇవ్వకూడని మనిషికి ఇది పెద్ద లాభం.

కండరానికి ఒక బలహీనత ఉంది. రక్తం ఆగితే అది చర్మం కన్నా ముందు చస్తుంది. మామూలు ఉష్ణోగ్రతలో రెండు గంటలు దాటితే ప్రమాదం మొదలవుతుంది. అదే చర్మం, కొవ్వు ఉన్న ఫ్లాప్ నాలుగు నుంచి ఆరు గంటలు ఓర్చుకుంటుంది. ఎక్కువసేపు రక్తం లేకుండా ఉన్న కండరానికి నాళాలు కలిపినా లోపలి సన్నని కేశనాళికలు వాచి మూసుకుపోయి రక్తం పారదు. అందుకే కొత్తచోట నాళాలు పూర్తిగా సిద్ధమయ్యాకే కండరాన్ని దాని సొంతచోటి నుంచి తెంపుతారు.

ప్రమాదం ఎవరిది, ఎంత

ఎక్కువ ప్రమాదం ఉన్న వృద్ధుడు అనడానికి పుట్టిన తేదీ చాలదు. ఎనభై రెండేళ్ల వయసులో పొలం గట్టున నడిచే రైతు కన్నా, అరవై ఆరేళ్లకే మంచం పట్టి కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. ఏఎస్ఏ తరగతితో పాటు నేడు శారీరక దౌర్బల్యాన్ని విడిగా కొలుస్తున్నారు. 2001లో లిండా ఫ్రీడ్ బృందం ఐదు గుర్తులు ఇచ్చింది. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, పిడికిలి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, రోజువారీ కదలిక తగ్గడం. వీటిలో మూడు ఉంటే ఆ మనిషి దుర్బలుడు. వార్డులో రోగిని పది అడుగులు నడిపించి చూసిన డాక్టరుకు, రిపోర్టులు మాత్రమే చదివిన డాక్టరు కన్నా ఎక్కువ తెలుస్తుంది.

వయసుతో కండరాలే కరిగిపోతాయి, కనుక తీయబోయే కండరం అనుకున్నంత పెద్దగా ఉండకపోవచ్చు. కాలి ధమనులలో సున్నం పేరుకుని గోడలు పెళుసుబారతాయి. సూది గుచ్చితే లోపలి పొర ఊడి గడ్డ కడుతుంది. అలాంటి కాలికి ముందు సీటీ యాంజియో తీసి పాదానికి ఎన్ని నాళాలు రక్తం తెస్తున్నాయో చూస్తారు. మిగిలింది ఒక్కటే అయితే దాన్ని తెంపకుండా, పక్కన చిన్న కిటికీ తెరిచి ఫ్లాప్ ధమనిని దానికి కుడతారు. అలా చేస్తే పాదానికి పోయే రక్తం ఆగదు. అసలు రక్తమే చాలకపోతే వాస్కులర్ సర్జన్ తొడనుంచి కిందికి బైపాస్ వేసి, ఆ బైపాస్‌కే ఫ్లాప్‌ను కలుపుతాడు. వృద్ధులలో ఫ్లాప్ విఫలమైన కథల్లో పెద్దభాగం ఇలాంటి రక్తప్రసరణ లేని కాళ్లవే.

స్టెంట్ వేసుకుని రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నవారి సంగతి మరీ సున్నితం. మాత్ర ఆపితే స్టెంట్ మూసుకోవచ్చు, ఆపకపోతే కండరం తీసినచోట రక్తం గూడుకట్టవచ్చు. మామూలు ఆపరేషన్ అయితే నెలల తరబడి ఆగవచ్చు. క్యాన్సర్ ఆగదు. ఇక్కడ కార్డియాలజిస్టు, సర్జన్, మత్తు డాక్టర్ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకరు రాసిన చీటీని ఇంకొకరు చదువుకుంటే సరిపోదు.

ఏ కండరం, ఎవరికి

వీపు మీది లాటిసిమస్ డోర్సై శరీరంలో అతి పెద్ద చదునైన కండరం. పొడవైన, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న ధమని దీని బలం. ఎండ దెబ్బకు తలపై చర్మ క్యాన్సర్ వచ్చి కపాలం దాకా తొలిచిన తెల్లజాతి వృద్ధులకు యూరప్‌లో, ఆస్ట్రేలియాలో దీన్ని విరివిగా వాడతారు. కండరాన్ని తల మీద పరిచి, పైన తొడ నుంచి తీసిన పలచని చర్మం అతికిస్తే కొన్ని నెలలకు అది సన్నబడి తల ఆకారానికి సర్దుకుంటుంది. పాఠ్యపుస్తకాలు దీని దుష్ఫలితం స్వల్పమంటాయి. యువకుడి విషయంలో అది నిజమే. చేతికర్రతోనో వాకర్‌తోనో నడిచే మనిషి కుర్చీలోంచి లేవడానికి చేతుల మీద భారం వేసేది ఈ కండరం బలంతోనే. కాలి కోసం దీన్ని తీస్తే కాలు బాగుపడేలోగా చేయి బలహీనమవుతుంది. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి కనుక రెండు బృందాలు ఒకేసారి పనిచేయడమూ కష్టం. కండరం తీసినచోట నీరు చేరడం సర్వసాధారణం.

తొడ లోపలివైపు గ్రాసిలిస్ సన్నగా, పొడవుగా ఉంటుంది. దాని ధమని జఘనాస్థికి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల కింద కండరంలోకి దిగుతుంది. తీసేసినా నడకలో తేడా దాదాపు తెలియదు. పాదం, చీలమండ, కాలి కింది భాగంలో మధ్యరకం గాయాలకు వృద్ధులలో దీనికి మొదటి ప్రాధాన్యం ఇవ్వడం సబబు. దీనికి మరో పెద్ద కారణం ఉంది. గ్రాసిలిస్‌ను గానీ తొడ పక్కనున్న వాస్టస్ లాటరాలిస్‌ను గానీ ఎంచుకుంటే ఆపరేషన్ అంతా నడుము కిందే జరుగుతుంది. వెన్నులో మత్తు ఇచ్చి, ఎపిడ్యూరల్ గొట్టంతో కొనసాగిస్తే ఊపిరితిత్తులు పాడైన మనిషికి గొంతులో గొట్టం వేసి పూర్తి మత్తు ఇచ్చే పని ఉండదు. కండరాన్ని ఎంచుకోవడం, మత్తును ఎంచుకోవడం వేర్వేరు నిర్ణయాలు కావని ఇక్కడ స్పష్టమవుతుంది.

పొట్ట ముందున్న రెక్టస్ అబ్డామినిస్ మందంగా ఉంటుంది, ధమని పెద్దది, రోగి వెల్లకిలా పడుకుని ఉండగానే తీయవచ్చు. పైదవడ తీసేసిన చోట దీన్ని నింపుతారు. తీసినచోట పొట్ట గోడ సడలి ఉబ్బు రావచ్చు. గట్టిగా దగ్గలేని ముసలి ఊపిరితిత్తులకు పొట్ట నొప్పి ఇంకో శత్రువు. ఛాతీ పక్కన సెర్రేటస్‌లో కింది మూడు నాలుగు పాయలే తీయాలి. అంతకు మించితే రెక్కఎముక వెనక్కి పొడుచుకువస్తుంది.

తెలుగు ప్రాంతాల్లో పైదవడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో పెద్దవయసు స్త్రీలకు చుట్టను అడ్డపొగగా, అంటే నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉంది. దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కింది. అంగిలి తీసేశాక నోటికీ ముక్కుకూ మధ్య గోడ ఉండదు. తిన్నది ముక్కులోంచి వస్తుంది, మాట అర్థం కాదు. ఆరోగ్యం ఉన్న మనిషికి ఫ్రీ ఫ్లాప్‌తో ఆ గోడ మళ్లీ కట్టవచ్చు. బాగా బలహీనంగా ఉన్న పెద్దావిడకు దంతవైద్యుడు అచ్చు తీసి చేసే అంగిలి ప్లేటు ఆ రంధ్రాన్ని మూస్తుంది. పన్నెండు గంటల ఆపరేషన్ ఇచ్చేదాంట్లో చాలాభాగం అది తక్కువ ప్రమాదంతో ఇస్తుంది. దవడ, బుగ్గ క్యాన్సర్లలో కూడా ఫ్రీ ఫ్లాప్ తట్టుకోలేనివారికి 1979లో ఆర్యన్ ప్రచారంలోకి తెచ్చిన ఛాతీ కండర ఫ్లాప్ ఉంది. నాళాలు తెంపకుండా మెడమీదుగా పైకి తిప్పి తెచ్చే ఆ పద్ధతికి మైక్రోస్కోపు అక్కర్లేదు. మన దేశపు క్యాన్సర్ ఆసుపత్రుల్లో దాని మీద బతికి బయటపడ్డవారు లెక్కకు మిక్కిలి. దాన్ని చిన్నచూపు చూడడం తప్పు.

అలాగే మోకీలు మార్పిడి తరువాత ముందుభాగం చర్మం చచ్చి లోపలి లోహపు కీలు బయటపడితే, పిక్కలోని గ్యాస్ట్రాక్నీమియస్ లోపలి పాయను తిప్పి కప్పడం గంటన్నర, రెండు గంటల పని. మోకాలికి పిక్క కండరం, కాలి నడిమి భాగానికి సోలియస్, కింది మూడోవంతుకు మాత్రమే ఫ్రీ ఫ్లాప్ అన్న పాత సూత్రం వృద్ధులలో ఇప్పటికీ పనికొస్తుంది.

ఆపరేషన్ గదిలో

గంటలు తగ్గించడమే ఇక్కడ మందు. ఒక బృందం గాయాన్ని శుభ్రం చేసి నాళాలను సిద్ధం చేస్తుంటే, రెండోది కండరాన్ని లేపుతుంది. సిరలను కుట్టే బదులు ఉంగరాల వంటి కప్లర్ పరికరంతో కలిపితే సమయం మిగులుతుంది. ధమనిని ఎక్కువగా 9-0, 10-0 నైలాన్ దారంతో చేత్తోనే కుడతారు. 10-0 దారం మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు మాత్రమే.

శరీరం చల్లబడితే నాళాలు ముడుచుకుంటాయి, రక్తం సరిగా గడ్డకట్టదు, గాయం చీముపడుతుంది. వృద్ధుడి శరీరం వేడిని నిలుపుకోలేదు కనుక వెచ్చని గాలి దుప్పట్లు, వెచ్చబెట్టిన సెలైన్ తప్పనిసరి. ఫ్లాప్ బాగుండాలని సెలైన్ బాటిళ్లు ధారపోయడం పూర్వపు అలవాటు. దానివల్ల ఫ్లాప్ వాచేది, గుండె అలసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. రక్తపోటు పెంచే మందులంటే ఒకప్పుడు మైక్రోసర్జన్లు భయపడేవారు. తగు మోతాదులో అవి ఫ్లాప్‌ను చంపవని తరువాతి అధ్యయనాలు తేల్చాయి. షుగరును సాధారణంగా 180 దాటకుండా చూస్తారు. మరీ తగ్గించబోతే అది పడిపోయే ప్రమాదం వృద్ధులలో ఎక్కువ.

మొదటి మూడు రోజులు

కుట్టిన నాళంలో గడ్డ కట్టేది ఎక్కువగా తొలి 48 నుంచి 72 గంటల్లోనే. ధమని కన్నా సిరలో ఎక్కువ. మొదటి రోజు గంట గంటకు చూడాలి. చర్మపు ఫ్లాప్ అయితే రంగు, వేడి తెలుస్తాయి. కండరం మీద అతికించిన చర్మం ఏమీ చెప్పదు. దాని అంచుల్లోంచి కనిపించే కండ ఎర్రగా ఉందా, నల్లబడుతోందా చూడాలి. డాప్లర్ శబ్దం వినాలి. గీస్తే ఎర్రని రక్తం వస్తోందా గమనించాలి. కొందరు కండరంతో పాటు చిన్న చర్మపు ముక్కను కాపలాగా ఉంచుతారు. అనుమానం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే తిరిగి తెరిస్తే చాలా ఫ్లాప్‌లు దక్కుతాయి. అయితే ఎనభై ఏళ్ల మనిషికి ఒకే రోజు రెండోసారి మత్తు ఇవ్వడం తేలికైన నిర్ణయం కాదు. గడ్డ కడితే మళ్లీ లోపలికి వెళ్దామా, లేక ఫ్లాప్‌ను వదులుకుందామా అన్నది ఆపరేషన్‌కు ముందే రోగితో మాట్లాడి ఉంచుకోవాలి.

వృద్ధుల విషయంలో ఎక్కువ నష్టం చేసేది మతిభ్రమ. రెండో రాత్రి ఉన్నట్టుండి తాను ఎక్కడున్నదీ తెలియక కట్లు పీకేసుకుంటారు, మంచం దిగబోతారు. ఐసీయూలో పగలూ రాత్రీ తేడా లేని వెలుగు, కళ్లజోడు తీసేయడం, వినికిడి యంత్రం లేకపోవడం, నిద్రమాత్రలు దీన్ని పెంచుతాయి. భార్యో కొడుకో కూతురో పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తూ ఉంటే చాలామట్టుకు తగ్గుతుంది. మన ఆసుపత్రుల్లో మంచం పక్కన ఎప్పుడూ ఇంటిమనిషి ఉండే అలవాటు ఈ ఒక్క విషయంలో గొప్ప వరం. ఐసీయూ తలుపు దగ్గరే వారిని ఆపేయడం రోగికి మేలు చేయదు. దగ్గించి కఫం తీయించడం, మొదటి రోజునుంచే మంచంలో కూర్చోబెట్టడం, నోటితో తినిపించడం న్యుమోనియాను దూరం పెడతాయి. కాలికి ఫ్లాప్ వేసినవారికి కాలు వెంటనే కిందికి దించితే సిరల్లో రక్తం నిలిచిపోతుంది. కొన్ని రోజుల తరువాత నిమిషాల లెక్కన దించుతూ క్రమంగా అలవాటు చేస్తారు.

కాలు నిలపాలా, తీసేయాలా

తీవ్రంగా దెబ్బతిన్న కాలిని నిలిపినా తీసేసినా రెండేళ్ల తరువాత ఫలితం దాదాపు ఒకటేనని అమెరికాలో ఎనిమిది ట్రామా కేంద్రాల్లో జరిగిన అధ్యయనం 2002లో చెప్పింది. ఆ మాటను వృద్ధులకు కూడా వర్తింపజేస్తుంటారు. అందులో చేర్చుకున్నవారు 16 నుంచి 69 ఏళ్లవారే. డెబ్బై దాటిన మనిషికి కృత్రిమ కాలితో నడవడం వేరే సంగతి. మోకాలి కింద తీసేస్తే నడవడానికి సుమారు పాతిక శాతం, మోకాలి పైన తీసేస్తే సుమారు అరవై అయిదు శాతం ఎక్కువ శక్తి కావాలి. గుండె బలహీనంగా ఉన్నవారు ఆ శక్తి చాలక కృత్రిమ కాలును మూలన పెట్టి మంచానికే పరిమితమవుతారు. కనుక కాలు తీసేయడమే వృద్ధులకు చిన్న ఆపరేషన్, సురక్షితమైన దారి అనుకోవడం చాలాసార్లు పొరపాటు.

మరోవైపు, ఇదివరకే నడక పోయి మంచాన ఉన్నవారికి, పాదానికి రక్తం తెచ్చే నాళమే మిగలనివారికి, క్యాన్సర్ శరీరమంతా పాకినవారికి ఫ్రీ ఫ్లాప్ చేయడం సరికాదు. వారికి రోజూ శుభ్రమైన కట్టు, నొప్పి లేకుండా చూడడం, అవసరమైతే చిన్న ఆపరేషన్ చాలు. ఈ నిర్ణయం ఎవరిదన్న విషయంలో మన సమాజంలో ఒక లోపం ఉంది. డాక్టర్లు కొడుకులతో మాట్లాడతారు, కొడుకులు ఈ వయసులో ఇంత పెద్ద ఆపరేషన్ ఎందుకంటారు, మంచం మీది మనిషిని ఎవరూ అడగరు. తెలివితో ఉన్న పెద్దమనిషికి రెండు దారులూ, రెండింటి కష్టమూ తెలిసేలా చెప్పి, తనకేం కావాలో ఆయన నోటితోనే వినాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, వైద్య నియమం కూడా.

ఇంటికి వెళ్లాక

అతికించిన కండరానికి స్పర్శ ఉండదు. షుగరు ఉన్నవారి పాదం మీద వేసినదైతే రాయి గుచ్చుకున్నా తెలియదు. మూడు నుంచి ఆరు నెలల్లో వాపు తగ్గి కండరం సన్నబడుతుంది, అప్పుడు పాదం కొలతలు మారతాయి కనుక మెత్తని అడుగున్న చెప్పులు మళ్లీ చేయించాలి. రోజూ రాత్రి ఫ్లాప్ అంచుల్లో పగుళ్లు, బొబ్బలు ఉన్నాయేమో ఇంట్లో ఇంకొకరు చూడాలి, ఎందుకంటే చూపు మందగించిన మనిషి తన అరికాలు తానే చూసుకోలేరు. పైన అతికించిన పలచని చర్మంలో నూనె గ్రంథులు ఉండవు. స్నానం తరువాత కొబ్బరినూనె గానీ ఆసుపత్రి ఇచ్చే లేపనం గానీ రాస్తుంటే అది ఎండి చిట్లిపోకుండా ఉంటుంది.